చిటపటల చిచ్చుబుడ్డి గురించి రాఘవకు ఉత్తరం

రాజమహేంద్రవరం

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. దీపావళి రాత్రి మీ మేడ మీద కాల్చిన చిచ్చుబుడ్డి పువ్వులు విరజిమ్మి, ఉన్నట్టుండి పేలాల మంగలంలా చిటపటలాడిందని, ఆ చప్పుడు ఎలా పుట్టిందో చెప్పమని మీ అబ్బాయి నాలుగు రోజులుగా నీ ప్రాణం తీస్తున్నాడని రాశావు. ప్రశ్న నాకు బాగా నచ్చింది. నచ్చనిదల్లా ఉత్తరం చివర నువ్వు ముచ్చటగా రాసిన సంగతి. వాడు వీడియోలు చూసి, ఆ చిటపటల మందులో కలిపే మాగ్నేలియం అనే లోహపు పొడి సీసా ఒకటి తెప్పించుకున్నాడని చదివాక, చేతిలోని కాఫీ నాకు గొంతు దిగలేదు. అందుకే ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. ఓపికగా చదివి, వాడి చేత కూడా చదివించు.

కిందటేడు మా వాకిట్లోనూ అలాంటిదే ఒకటి కాల్చాము. మర్నాడు పొద్దున్న ఊడుస్తుంటే మెట్ల పక్కన ఏడెనిమిది నల్లటి గింజలు కనిపించాయి. ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, మిరియం కన్నా చిన్నవి; చేటలో పోస్తే చప్పుడు చేస్తూ దొర్లాయి. పక్కింటి మూడేళ్ల పాప వాటిని చూసి చెయ్యి చాచింది, నేను చేట వెనక్కి లాక్కున్నాను. అవి పేలకుండా మిగిలిపోయిన గింజలు. బాణసంచా తయారీలో వాటిని డ్రాగన్ గుడ్లు అంటారు. మీ అబ్బాయి విన్న చప్పుడంతా వాటిదే; చిచ్చుబుడ్డిలోని మామూలు మందు వాటిని అంటించి పైకి విసరడం వరకే చేస్తుంది.

ఆ గింజలో ముఖ్యంగా రెండు రకాల పదార్థాలు ఉంటాయి. ఒకటి ఆక్సిజన్‌ను తనలో బంధించి ఉంచుకున్న లోహపు ఆక్సైడు, రెండోది ఆ ఆక్సిజన్‌ను లాక్కోవడానికి కాచుకుని ఉన్న మాగ్నేలియం. మెగ్నీషియం, అల్యూమినియం కలిపి కరిగించిన మిశ్రమ లోహమే మాగ్నేలియం. ఆ రెండూ విడివిడిగా మెత్తగా సాగే లోహాలే అయినా, సమపాళ్లలో కలిసినప్పుడు గాజులా పెళుసుబారి సులువుగా పొడి అవుతాయి. ఇక ఆక్సైడు సంగతికి వస్తే, మొదట్లో ఎక్కువగా వాడినది ఎర్ర సీసం, అంటే ఆంజనేయస్వామి విగ్రహాలకు పూసే సింధూరంలో తరతరాలుగా వాడుతూ వచ్చిన ఆ నారింజ రంగు పొడే. ఇప్పుడు దాని స్థానంలో బిస్మత్ ఆక్సైడు వాడుతున్నారు, కొన్నిటిలో రాగి ఆక్సైడు కూడా ఉంటుంది. ఆవర్తన పట్టికలో సీసం 82వ గడిలో ఉంటే బిస్మత్ దాని పక్కనే 83లో ఉంటుంది. ఇద్దరూ ఇరుగుపొరుగులే గాని, ఒకరు విషం, మరొకరు కడుపునొప్పి మందుల్లోకి కూడా వెళ్లే సాధువు.

ఇక అసలు ప్రశ్న: గింజ అంటుకున్న వెంటనే ఎందుకు పేలదు? పోపులో ఆవాలు వేసినప్పుడు చూడు, నూనె ఎంత కాగినా గింజ ఒక్క క్షణం మౌనంగా ఉండి తర్వాతే చిటపటమంటుంది. ఆవగింజ తన పొట్టు లోపల ఆవిరి ఒత్తిడి పెరిగేదాకా ఆగుతుంది. డ్రాగన్ గుడ్డుకు పొట్టు అవసరం లేదు. పైభాగం అంటుకుని నిప్పుకణంలా రాజుతున్నప్పుడు లోపల ఆక్సైడు, మాగ్నేలియం కరుగుతూ నెమ్మదిగా కలుస్తాయి. వేడి ఒక హద్దు దాటగానే మిగిలిన ఆక్సిజన్ అంతా ఒక్కసారిగా చేతులు మారి, గింజ మొత్తం ఒకే క్షణంలో భగ్గుమంటుంది.

ఇక్కడ నువ్వు చిన్నప్పుడు గోదావరి స్టేషన్ దగ్గర పట్టాలు అతికించడం చూసిన ముచ్చట గుర్తు చేసుకో. ఆ థర్మిట్ కూడా ఇదే కోవకు చెందిన చర్య. అక్కడ అల్యూమినియం ఇనుప ఆక్సైడు నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, తెల్లగా కాగిన ఇనుము బుద్ధిగా కారి పట్టాల సందులో నిండుతుంది. ఇనుము మరగాలంటే సుమారు 2,860 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కాబట్టి అది ద్రవంగానే ఉండిపోతుంది. బిస్మత్ అయితే సుమారు 1,560 డిగ్రీలకే మరుగుతుంది, సీసం సుమారు 1,750కి. అంత మంటలో విడిపోయిన లోహం ద్రవంగా నిలవలేక ఆవిరైపోతుంది, ఆ ఆవిరి వ్యాకోచించి గింజను చీల్చుకుని బయటపడుతుంది. మనకు వినబడే టప్పుమన్న చప్పుడు అదే, చప్పుడుతో పాటు చిమ్మే మెరుపు కరిగిన లోహపు తుంపర. అలాంటి గింజలు వందల కొద్దీ, తలా ఒక క్షణం ముందూ వెనకగా పేలితే వచ్చేదే ఆ చిటపట. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పినా, ఉష్ణమోచక చర్యకు ఇంత చక్కటి ఉదాహరణ పుస్తకాల్లో చూడలేదు.

ఇంత అందంగా ఉంది కదా, ఇంట్లో చేసి చూస్తే తప్పేమిటని వాడు అడుగుతాడు. మన తాతల కాలం నుంచి ఇళ్లలో చిచ్చుబుడ్లు కూరలేదా, మతాబులు చుట్టలేదా అని నువ్వూ వంత పాడతావు. సూరేకారం, గంధకం, బొగ్గుతో చేసిన మందు కూడా మనుషుల్ని కాల్చింది, కాదనను. అయినా అంటించడానికి అది ఒక నిప్పు అడుగుతుంది. ఈ గింజల మందు నిప్పు కోసం ఆగదు. రాపిడి చాలు, దెబ్బ చాలు, పొడి గాలిలో నైలాను చొక్కా నుంచి పుట్టే చిన్న విద్యుత్తు చాలు. పైగా ఒక్క గింజ పేలితే చిటపట, డబ్బాడు గింజలు కలిసి పేలితే బాంబు; విడివిడిగా పేలడానికి వాటికి ఆకాశంలో ఉన్నంత ఎడం డబ్బాలో ఉండదు. మన వీధిలో మణిశిల అనే ఆర్సెనిక్ ఖనిజం పెట్టి చుట్టిన ఉల్లిపాయ బాంబుల సంచి సైకిలు మీద తీసుకుపోతూ గోతిలో పడ్డ కుర్రాడు నీకు గుర్తున్నాడో లేదో, ఆ రోజు చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ ఉల్లిపాయ బాంబు ఏ జాతిదో, ఇదీ ఆ జాతిదే.

తడిపితే చల్లబడుతుందని కూడా అనుకోవద్దు. మాగ్నేలియం తడి తగిలితే హైడ్రోజన్‌ను విడుదల చేస్తూ మెల్లగా వేడెక్కుతుంది, పక్కన లోహపు లవణాలు ఉంటే ఆ వేడి మరింత త్వరగా పెరుగుతుంది. రాత్రి ఆరబెట్టిన ముద్ద తెల్లవారేసరికి తనంతట తానే అంటుకోవచ్చు. అంటుకున్న తర్వాత ఇసుక కప్పి గాలి ఆపినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆక్సిజన్ బయటి నుంచి రావడం లేదు, లోపలే ఉంది. మండుతున్న మెగ్నీషియం పొడి మీద నీళ్లు పోయడం మరీ ఘోరం.

సీసం సంగతి వేరు, అది ఆ రాత్రితో పోయే ప్రమాదం కాదు. పేలిన గింజలోని సీసం ఎక్కడికీ మాయం కాదు, సన్నటి పొగగా మారి నేల మీద, కిటికీల మీద, పిల్లల చేతుల మీద వాలుతుంది. శరీరంలోకి చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, పసిపిల్లల మెదడుకు ఎంత కొద్ది మోతాదైనా సురక్షితమని చెప్పడానికి లేదు. ఢిల్లీలో ముగ్గురు పసిపిల్లల పేరిట 2015లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 జూలై 31న సీసం, పాదరసం, ఆర్సెనిక్, యాంటిమొనీ, లిథియం బాణసంచాలో ఏ రూపంలోనూ వాడకూడదని ఆదేశించింది. 2018 అక్టోబరు 23న బేరియం లవణాలనూ నిషేధించింది. అయితే బిస్మత్ సీసం కన్నా చాలా ఖరీదు. అందువల్ల తయారీదారు పేరూ ఊరూ లేకుండా చౌకగా అమ్మే చిటపటల డబ్బాను చూస్తే నాకు అనుమానమే.

లైసెన్సు లేకుండా వీటిని తయారు చేయడం నేరమని వాడికి చెప్పు, కాని ఆ మాట ముందు చెప్పకు. పదిహేనేళ్ల పిల్లవాడికి నేరం అనేసరికి ఉత్సాహం పెరుగుతుంది. కాల్చేటప్పుడు మాత్రం నూలు బట్టలు, కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఈ గింజ చిచ్చుబుడ్డి పువ్వులాగా రాలి ఆరిపోదు, పక్కకు ఎగిరి పేలుతుంది. కంట్లో పడితే నలపకుండా, నొక్కకుండా నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. మర్నాడు దొరికిన నల్ల గింజలను చేత్తో నలపకుండా, చీపురుతో రుద్దకుండా, అట్టముక్కతో మెల్లగా ఎత్తి, నిండా నీళ్లున్న బకెట్‌లో వెయ్యి; కొద్దిపాటి తడి వేడెక్కిస్తుంది గాని, నిండా నీళ్లుంటే ఆ వేడిని లాగేస్తాయి. హైడ్రోజన్ బయటికి పోయేలా ఆ బకెట్‌ను మూత పెట్టకుండా ఆరుబయటే ఉంచు.

ఆ మాగ్నేలియం సీసా మూత బిగించి, వంటింటికి, తడికి దూరంగా, బీరువాలో పెట్టి తాళం నీ దగ్గర ఉంచుకో. సింకులో పారబోయాలని చూడకు, దేనితోనూ కలపనివ్వకు. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను, శనివారం పొద్దున్నే మీ ఇంట్లో ఉంటాను. వాడి ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచమను, వాడికి చూపించడానికి మా కాలేజీ ల్యాబులోని ఆవర్తన పట్టిక చుట్టి తెస్తున్నాను.

నీ
సూర్యం