ఐస్‌క్రీం కొట్టు అన్నకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి పన్నెండున్నరకు ఆఖరి పెట్టెకు నాడా కట్టినాం. డ్రాయింగ్ మాస్టారి ఉత్తరాలు, స్కెచ్ పుస్తకాలు, పేపరు కటింగులు, రంగుల కొట్టు బిల్లులు, అన్నీ కలిపి 11 పెట్టెలు. తెల్లారి ఒక కాలేజీ లైబ్రరీకి చేరినాయి. కళ్ళు ఇంకా మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. ఇంట్లోవాళ్ళకు వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఏడురోడ్ల దగ్గర సందులో ఐస్‌క్రీం కొట్టు అన్నకు. ముఖపరిచయం కూడా లేదు. కట్టలు విప్పితే సిల్వర్‌ఫిష్ పురుగులు పరిగెత్తినాయి. మందు కొడితే కాగితమూ సిరా చెడతాయి. గుడ్లతో సహా చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు పెట్టాలి. ఇంటి ఫ్రిజ్జులో అంత చలి నిలకడగా ఉండదు. అదీ మే నెల, కడప ఎండ. ఐస్‌క్రీం వాళ్ళు నాలుగు రూపాయలు చూసేదే అప్పుడు. ఆయన అంతా విని, "వాసనొచ్చేటివి ఏం లేవు కదన్నా?" అని ఒక్కటే అడిగి పెద్ద డీప్ ఫ్రీజర్ ఖాళీ చేసినాడు. తన సరుకేమో ఇంకో కొట్టాయన్ను బతిమాలి అక్కడ పెట్టుకున్నాడు. మూత మీద అట్టముక్క అంటించి 'తీయొద్దు' అని రాసినాడు. కొట్టు మూసేటప్పుడు వైరు థర్మామీటరు అంకె రోజూ ఫోన్లో పంపినాడు. బాడిగ ఎంతంటే, "కాగితాలకు బాడిగేందన్నా" అని గిన్నెలు కడుక్కోవడానికి పోయినాడు. బండి స్టార్టు చేయడానికి కాసేపు పట్టింది.

ఇట్లాంటి పని పెట్టుకునేవాళ్ళకు: ప్రతి కట్టనూ గాలి తీసి రెండు పాలిథీన్ కవర్లలో మూయండి. మూడంగుళాల మందం దాటితే నడిమధ్యకు చలి త్వరగా చేరదు. బయటికి తీసినాక ఒక రోజంతా కవరు విప్పొద్దు. తొందరపడితే చల్లటి కాగితానికి చెమట పట్టి సిరా కారుతుంది. నూనెరంగు, ఆక్రిలిక్ బొమ్మలు మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు, రంగు పెళుసై పగులుతుంది. తుప్పు పట్టిన స్టాప్లర్ పిన్ను లాగొద్దు. కింద పలచటి ప్లాస్టిక్ షీటు దోపి, కాళ్ళు పైకెత్తి తీయాలి. పేపరు కటింగులోని ఆమ్లం పక్కనున్న ఉత్తరాన్నీ పసుపు చేస్తుంది, విడిగా పెట్టండి. మాస్టారు కట్టిన వరస మాత్రం మార్చొద్దు. ఏ స్కెచ్చు పక్కన ఏ బిల్లు ఉందో చూస్తే ఆ బొమ్మకు తెల్లరంగుల్లో జింక్ వైట్ వాడినాడా టైటానియం వైటా అన్నది తేలుతుంది. జింక్ వైట్ నూనెలో ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళిస్తుంది, బాగుచేసేవాడికి ఆ బిల్లే దిక్కు.

ఇదంతా చెప్పి, ఈ కాగితాలు దాచిపెట్టమని అడిగినా ఒక ఆఫీసులో "బొమ్మలుంటే తెండి, ఈ చిత్తుకాగితాలెందుకు" అన్నారు. ఇంకోచోట అన్నీ లామినేషన్ చేయించుకు రమ్మన్నారు! వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు, లోపల ఆమ్లం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. బ్రౌన్ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్ళు రాయించిన ఊరండీ ఇది.

అయ్యో, మరిచినా. కట్టలు చుట్టడానికి గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికిన తెల్లగుడ్డ ఇచ్చిన టైలరన్నకు (ఎర్రగుడ్డ తడిస్తే రంగు దిగుతుంది). కటింగులు ఒక్కొక్కటే అద్దం మీద పరిచి తీసిన జెరాక్స్ కొట్టు పాపకు. ఇంకా ఆటో అబ్బి. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆపి, వెనక్కి తిరిగి పెట్టెలు చూసుకొని మళ్ళీ నడిపినాడు. అతని పేరు కూడా నేను అడగలేదు.