రోల్ కేజ్ పేరుతో మీరు బిగించిన పైపుల గురించి

చెన్నై,
10 ఫిబ్రవరి 2025

మేనేజర్ గారికి,

విషయం: నా 1999 మోడల్ మారుతి ఎస్టీమ్‌కు మీరు చేసిన రేస్ సేఫ్టీ పని స్క్రూటినీలో (ట్రాక్ మీదికి వదిలే ముందు చేసే తనిఖీలో) ఫెయిల్ అయినందున డబ్బు వాపసు ఇవ్వాలని.

అయ్యా,

పోయిన అక్టోబరులో నా కారును మీ షెడ్డులో వదిలాను. అది మా నాన్న సూళ్లూరుపేటలో పాతికేళ్లు నడిపిన కారు. అమ్మితే పాత ఇనుము ధర వచ్చేది. దాన్నొకసారి ట్రాక్ మీద పరుగెత్తించాలని నాకు ఆశ. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ రూల్స్‌లోని అపెండిక్స్ జె ప్రకారం రోల్ కేజ్ (కారు బోల్తాపడినా లోపలివాళ్లు నలగకుండా కాపాడే పైపుల చట్రం), బెల్టులు, కరెంటంతా ఒక్కసారే తెంచే కటాఫ్ స్విచ్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అన్నీ కలిపి 1,86,000 రూపాయలని మీరు కొటేషన్ ఇచ్చారు. తెలుగులో పలకరించేసరికి మనవాళ్లే కదా అని పని మొదలుకాకముందే మొత్తం కట్టేశాను. అంతవరకు తప్పు నాదే.

జనవరి ఆఖరి వారంలో కారును ఫ్లాట్‌బెడ్ మీద ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దగ్గరికి తీసుకెళ్లాను. తనిఖీ చేసే స్క్రూటినీర్ ముందుగా ఇంజిన్ స్టార్ట్ చేయమని, బయటి నుంచి కటాఫ్ లాగారు. ఇంజిన్ ఆగలేదు. ఇంకోసారి లాగారు. హాయిగా తిరుగుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మీవాళ్లు స్విచ్‌ను బ్యాటరీ లైనులో మాత్రమే పెట్టారు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది, బ్యాటరీతో దానికి పనేముంది? బ్యాటరీ, ఆల్టర్నేటర్, లైట్లు, ఇగ్నిషన్ అన్నీ తెగాలి, ఇంజిన్ కూడా ఆగాలి అన్నది రూలు. బోల్తాపడిన కారులోంచి పెట్రోలు కారుతుంటే ట్రాక్ పక్కన ఉండే సేఫ్టీ సిబ్బంది, మార్షల్, వచ్చి లాగేది ఆ స్విచ్చే. తెల్ల అంచు నీలం త్రికోణం, మధ్యలో ఎర్ర మెరుపు ఉన్న స్టిక్కర్ మాత్రం కొలత తప్పకుండా అతికించారు.

ఇది వైరింగ్ కాబట్టి మార్చుకోవచ్చు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టనిది కేజ్ గురించి.

డ్రైవర్ వెనక నిలువుగా వంచి పెట్టే మెయిన్ హూప్ పైపు 45 మిల్లీమీటర్ల వ్యాసమైతే మందం 2.5 మిల్లీమీటర్లకూ, 50 అయితే 2 మిల్లీమీటర్లకూ తగ్గకూడదు. అదీ కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ పైపై ఉండాలి, అంటే పొడవునా అతుకు ఉండకూడదు. స్క్రూటినీర్ గేజ్ పెట్టి చూస్తే మీ 45 పైపు మందం 1.6 వచ్చింది. సీమ్‌లెస్సేనా అని నన్నడిగారు. అవునన్నాను, మీ బిల్లులో అలాగే ఉంది మరి. ఇంటికొచ్చాక డిక్కీలో మీవాళ్లు మరిచిపోయిన జానెడు ముక్క దొరికింది. లోపల వేలు పెట్టి తిప్పితే ఒకచోట గరుకుగా గీత తగిలింది. వెల్డింగ్ అతుకు. గేట్లకూ, షెడ్లకూ వాడే ఈఆర్‌డబ్ల్యూ పైపు అది. మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ అడిగితే "రేపు వాట్సాప్ చేస్తాను సార్" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు.

అంతకంటే ఘోరం కేజ్ కాళ్ల కింద ఉంది. ప్రతి కాలి కింద బాడీ రేకుకు కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు వెల్డ్ చేయాలి. లేకపోతే కారు తిరగబడినప్పుడు పైపు రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది. మా కారు పులికాట్ ఉప్పు గాలి తిన్న కారు, ఫ్లోరు తుప్పు పట్టిందని అప్పగించిన రోజే చూపించాను. "కొత్త రేకు వేస్తాం" అన్నారు. స్క్రూటినీర్ ఎడమ కాలి పక్కన నల్ల రబ్బర్ కోటింగ్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మొన అవతలికి దిగింది. తుప్పు మీద పుట్టీ, పుట్టీ మీద పెయింటు. ప్లేటు లేదు.

బెల్టుల సంగతి రెండు మాటల్లో: కొత్తవని బిల్లు వేశారు, లేబుల్ మీద గడువు 2021తో ముగిసింది. భుజం పట్టీలను వెనక ఫ్లోరుకు బిగించడంతో అవి 45 డిగ్రీల కంటే నిటారుగా దిగాయి. గుద్దుకుంటే ఆ లాగుడంతా వెన్నుపూస మీద పడుతుంది. ఎక్స్‌టింగ్విషర్‌కు లోహపు పట్టీలు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టారు. బిగింపు 25 జీ, అంటే సిలిండర్ బరువుకు 25 రెట్ల లాగుడు, తట్టుకోవాలి. అంటే నాలుగు కిలోల సిలిండర్ ఆ క్షణంలో వంద కిలోల బరువుతో లాగుతుంది. వంటింట్లో చీపురు తగిలించే క్లిప్పు దాన్ని ఆపుతుందా?

ఫోన్ చేస్తే మీరన్న మాట ఇంకా చెవిలో ఉంది. "సార్, మీరేమైనా ఫార్ములా వన్ ఆడతారా? వీకెండ్ సరదాకి ఇది చాలు." చాలదని మీకు తెలుసు. తెలుసు కాబట్టే కొటేషన్లో అపెండిక్స్ జె అని రాశారు.

ఇప్పుడు "కారు తీసుకురండి, సరిచేస్తాం" అంటున్నారు. తీసుకురాను. 1,86,000 రూపాయలూ, రెండుసార్లు ఫ్లాట్‌బెడ్‌కైన 9,000 రూపాయలూ 15 రోజుల్లో వాపసు ఇవ్వండి. ఈ కేజ్ కోయించి, ఫ్లోరు కొత్తగా వేయించడానికి వేరే షాపు ఇచ్చిన ఎస్టిమేట్ జతచేశాను, అదీ మీరే భరించాలి. లేదంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. నేనుండే చోటే వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

ఇంకో సంగతి. డిసెంబరులో నేను వచ్చినప్పుడు మీ షెడ్డులో ఇంకో రెండు కార్లకు ఇదే పైపు వంచుతున్నారు. ఆ కార్లవాళ్లు ఎవరో నాకు తెలియదు, మీకు తెలుసు. నా డబ్బు ఆలస్యమైనా సరే, వాళ్లకు మాత్రం ఈరోజే ఫోన్ చేయండి.

బిల్లు, స్క్రూటినీ రిపోర్టు, ఫొటోలు జతచేశాను. పైపు ముక్క నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(ఎస్టీమ్ యజమాని)