మన కూరగాయల తోట: క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది నాటి సర్వసభ్య సమావేశంలో చదవడానికి ఈ నివేదిక రాశాను. 2024 ఏప్రిల్ 9 ఉగాది నుంచి ఈ 2025 మార్చి 30 ఉగాది దాకా, వాటర్ ట్యాంకు పక్కనున్న మన వంద గజాల స్థలంలో ఏం వేశాం, ఏం కోశాం, ఎక్కడ దెబ్బతిన్నాం అన్నదంతా ఇందులో ఉంది. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డుకు అంటించాం కాబట్టి డబ్బు లెక్కలు మళ్లీ ఇక్కడ రాయడం లేదు.

పోయినేడాది సమావేశంలో అందరూ నన్ను అడిగింది ఒకటే. ఇంత ఎరువు పోస్తున్నాం, ఇంతమంది పని చేస్తున్నాం, ఇంటికి ఒక పూట కూరకు సరిపడా బెండకాయలు కూడా రావడం లేదేమిటి అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఏడు కుళాయి పక్క గోడకు ఒక నోటుపుస్తకం వేలాడదీశాం. మడికొక పేజీ. ఏ రోజు విత్తారు, ఏ రోజు ఆఖరి కోత కోశారు, మళ్లీ ఏ రోజు విత్తారు, ఈ మూడే రాయమన్నాం. మూడు నెలల పేజీలు తిరగేసేసరికి సంగతి తెలిసింది. లోపం ఎరువులో లేదు, విత్తనంలో లేదు. మన మళ్లు పంట లేకుండా పడి ఉన్న రోజులు చాలా ఎక్కువ. కాపు అయిపోయిన మొక్కల్ని రెండేసి వారాలు పీకకుండా వదిలేశాం. పీకాక ఎవరో ఒకరు విత్తనం తెచ్చేదాకా ఆగాం. తెచ్చాక మడిలోనే నారు పోసి ఇంకో నెల చూశాం. చిన్న తోటకు ఇంతకు మించిన నష్టం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆషాఢం నుంచి నారు మడిలో పోయడం మానేశాం. టమాటా నారు ఎదగడానికి 25 రోజులు, వంగకు 30 నుంచి 35, మిరపకు 40 రోజుల దాకా పడుతుంది. ఆ రోజులన్నీ ఇప్పుడు షేడ్‌నెట్ (నీడ వల) కింద ప్రోట్రేల్లో, అంటే నారు పెంచే గుంటల ట్రేల్లో, గడుస్తున్నాయి. మడిలో పాత పంట ఆఖరి కోతలో ఉండగానే పక్కన కొత్త నారు సిద్ధంగా ఉంటుంది. పొద్దున మొక్కలు పీకి, మాగిన పశువుల ఎరువు చల్లి, సాయంత్రం నారు నాటేస్తున్నాం. ఈ ఒక్క మార్పుతో ఒక్కో మడికి నెల రోజులు కలిసొచ్చాయి.

ఏం వేయాలన్న దాని మీద వాదనలు జరిగాయి, జరగాలి కూడా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైమాటే. వంద గజాల్లోంచి అన్ని ఇళ్లకూ అంత పండదు. కాబట్టి నెలల తరబడి చోటు ఆక్రమించి ఒక్కసారే చేతికొచ్చేవి, రైతుబజారులో చవకగా దొరికేవి మానేయాలని నేను పట్టుబట్టాను. ఉల్లి, క్యాబేజీ ఆపేశాం. తొందరగా వచ్చేవి, కోసిన గంటకే వాడిపోయేవి, మళ్లీ మళ్లీ కోయగలిగేవి ముందుకు తెచ్చాం. తోటకూర 25 రోజుల్లో, మెంతికూర అంతకన్నా కొంచెం ముందే చేతికొస్తాయి. మడంతా ఒకేసారి చల్లకుండా నాలుగు భాగాలు చేసి, వారానికో భాగం చల్లుతున్నాం. బచ్చలి తీగకు కంచె చాలు, వేరే మడి అక్కర్లేదు.

ఇక ఆ వాన గురించి రాయాలి. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ ఏమైపోయిందో మనందరం చూశాం. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి. మన సభ్యుల్లో చాలామంది ఆ వారమంతా బంధువుల ఇళ్లకు అన్నం, మంచినీళ్లు మోశారు. తోట వైపు ఎవరూ చూడలేదు, చూడాల్సిన సమయం కూడా కాదది. మన కాలనీలోకి బుడమేరు నీళ్లు రాలేదు గానీ వాన నీళ్లు తోటలో రెండు రోజులు నిలిచాయి. మనది నల్లరేగడి. నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందదు. మిరప, టమాటా మొక్కలు ఎండకు వాడినట్టు తలలు వాల్చేసి చచ్చిపోయాయి. చేమ మాత్రం నీళ్లలోనే నిలబడి బతికింది. అంతకుముందు వేసవిలో ప్రయోగంగా అడుగెత్తున లేపిన నాలుగు మళ్లలో బెండ, గోంగూర చెక్కుచెదరలేదు.

అది చూశాక మిగతా మళ్లన్నీ ఎత్తు చేయాలని నిర్ణయించుకున్నాం. సెప్టెంబరు మూడో వారంలో రెండు ఆదివారాల పని ఒక్క ఆదివారంలో పూర్తి చేసిన వాళ్లందరికీ సంఘం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మడి వెడల్పు నాలుగడుగులకు మించనివ్వలేదు. అటు నుంచి చెయ్యి చాపినా ఇటు నుంచి చాపినా మధ్య దాకా అందాలి, కాలు మడిలో పడకూడదు. తొక్కిన రేగడి గట్టిపడితే వేరు దిగదు. పైన ఎండు వేపాకు, వరిగడ్డి పరిచాం. ఆ మళ్లలో చల్లిన తోటకూర నెల తిరగకుండానే ఇళ్లకు చేరింది.

పందిరి సంగతి అందరూ తెలుసుకోవాలి. మన సొరపాదు రెండేళ్లుగా పూలు పూయడమే గానీ కాయ నిలబెట్టలేదు. పిందెలు పసుపురంగుకు తిరిగి రాలిపోయేవి. ఎరువు తక్కువైందని కొందరు, నీళ్లు ఎక్కువయ్యాయని కొందరు అన్నారు. మూడో వీధి మామ్మగారు ఒకరోజు దీపాల వేళ వచ్చి చూసి, "మీరంతా పొద్దున్నే వచ్చి పోతారు, సొరపువ్వు విచ్చేది సాయంత్రం కదా నాయనా" అన్నారు. నిజమే. సొర, బీర పూలు పొద్దువాలే వేళ విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస, కాకర తెల్లవారుజామున. మన దగ్గర ఆ వేళ తిరిగే పురుగులు తక్కువ, కాబట్టి పుప్పొడి అందడం లేదు. మామ్మగారే చేసి చూపించారు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, దాని నడిమి భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఆ రోజు నుంచి సాయంత్రం వంతు ఒకటి పెట్టాం. సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలే ఆ పని ఎక్కువగా చేశారు. కార్తీకమాసంలో ప్రతి ఇంటికీ సొరకాయ ఇవ్వగలిగామంటే అది వాళ్ల వల్లే. తీగ ఆరేడు ఆకులు వేశాక తల తుంచడం కూడా మొదలుపెట్టాం. పక్క కొమ్మల మీదే ఆడపూలు ఎక్కువ వస్తాయి.

పందిరిని స్థలానికి ఉత్తరం వైపు మార్చాం. చలికాలంలో పొద్దు దక్షిణంగా వాలుతుంది, పందిరి దక్షిణాన ఉంటే మళ్లన్నీ దాని నీడలోనే ఉంటాయి.

చిక్కుడు గురించి ఒక మాట. పోయినేడాది ఫాల్గుణంలో నాటిన తీగచిక్కుడు ఆరు నెలలు పందిరంతా అల్లుకుని ఒక్క పువ్వూ పూయలేదు. దాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. మన నాటు చిక్కుడు పగలు పొట్టిగా ఉండే రోజుల్లోనే పూస్తుంది. తొలకరిలో పెడితే చలికాలంలో కాస్తుంది, వేసవిలో పెడితే చోటు దండగ. ఏడాదంతా కావాలనుకునేవారికి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా జయ్ లాంటి పొద చిక్కుడు ఉంది, దానికి పగటి పొడవుతో పని లేదు.

బెండ మీద నాకు బాధగానే ఉంది. రోజు విడిచి రోజు కోస్తే బెండ కాస్తూనే ఉంటుంది. దసరాకి అందరం ఇంద్రకీలాద్రి దర్శనాలు, ఊరి ప్రయాణాల్లో పడి ఎనిమిది రోజులు కోయలేదు. కాయలు ముదిరి గింజ కట్టాయి. గింజ కట్టాక మొక్క కొత్త పూత మీద శ్రద్ధ పెట్టదు. ఆ తరవాత కాపు సగానికి సగం పడిపోయింది. వచ్చే దసరాకి కోత వంతులు నెల ముందే రాసుకుందాం.

టమాటా అక్టోబరు చివర నాటాం, సంక్రాంతికి పళ్లు వచ్చాయి. మొక్కలు గుబురు కట్టే లోపు వాటి మధ్య మెంతి, కొత్తిమీర చల్లి కోసుకున్నాం. వంగలో కొమ్మ తొలిచే పురుగు కనిపించింది. వాలిన కొమ్మల్ని కాస్త కింద నుంచి తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేయడంతో అదుపులోకి వచ్చింది. పేనుబంకకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టాం. పందిరి మీద పూలు విచ్చే వేళ మాత్రం ఎవరూ ఏదీ కొట్టవద్దు, దయచేసి.

ముందు రెండు నెలలు ఎండ గట్టిగా ఉంటుంది. 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది కాబట్టి ఆ మళ్లను వచ్చే ఆదివారం ఖాళీ చేసి అదే సాయంత్రం గోంగూర, గోరుచిక్కుడు, బెండ విత్తుతున్నాం. విత్తనాలు సంఘం గదిలో డబ్బాల్లో ఉన్నాయి. వచ్చేవారు ఉదయం ఆరింటికల్లా రండి, చేతిపారలు తెచ్చుకోండి. నోటుపుస్తకం నిండిపోయింది, కొత్తది నేను తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి