యిన్, యాంగ్ గురించి అమ్మాయికి రాసిన ఉత్తరం

చిరంజీవి సుజాతకు,

అమ్మ ఆశీస్సులు. మీ వైద్య కోర్సులో చైనా సంప్రదాయ వైద్యం కూడా ఒక పాఠ్యాంశంగా ఉందనీ, యిన్ అంటే స్త్రీ, చీకటి, బలహీనత అనీ, యాంగ్ అంటే పురుషుడు, వెలుగు, బలం అనీ నీ సహాధ్యాయి ఒకరు తేల్చేశారనీ రాశావు. రెండువేల ఏళ్లకు పైగా ఒక జాతి తన కాలాన్నీ, దేహాన్నీ, భోజనాన్నీ అర్థం చేసుకోవడానికి ఆధారం చేసుకున్న ఆలోచనను ఇలా రెండు ముక్కల్లో ముగించడం నాకు నచ్చలేదు.

ఏ వస్తువూ తనంతట తాను యిన్ గానీ యాంగ్ గానీ కాదు. పక్కన మరొకటి ఉంటేనే ఆ మాట చెప్పగలం. ఆ వైద్యానికి మూలమైన హువాంగ్‌డీ నైజింగ్ అనే ప్రాచీన గ్రంథం మనిషి వీపును యాంగ్‌గా, పొట్టను యిన్‌గా చెప్పి అంతటితో ఆగదు. యాంగ్ లోని యాంగ్ గుండె అనీ, యాంగ్ లోని యిన్ ఊపిరితిత్తులనీ మళ్లీ విడదీస్తుంది. అంటే అవే ఊపిరితిత్తులు మూత్రపిండాలతో పోల్చితే యాంగ్, గుండెతో పోల్చితే యిన్ అవుతాయి.

పైగా ఇవి నిలకడగా ఉండవు. యి జింగ్ అనే ప్రాచీన చైనా గ్రంథంలో ఆరేసి గీతలతో 64 రేఖాచిత్రాలు ఉన్నాయి. నిండు గీత యాంగ్, నడుమ తెగిన గీత యిన్. డిసెంబరులో వచ్చే అయనాంతానికి చెప్పే చిత్రంలో ఐదు తెగిన గీతల కింద, అన్నిటికన్నా అడుగున, ఒకే ఒక్క నిండు గీత ఉంటుంది; గీతలను కిందినుంచి పైకి చదువుతారు కనుక, ఏడాదిలో అతి పొడవైన రాత్రినాడే యాంగ్ పుడుతుందన్నమాట. మింగ్, ఛింగ్ వంశాల చక్రవర్తులు ఆ రోజున బీజింగ్ దక్షిణాన గుండ్రని వేదిక మీద ఆకాశాన్నీ, జూన్ అయనాంతాన ఉత్తరాన చతురస్రపు వేదిక మీద భూమినీ పూజించేవారు. 1530లో కట్టి, 1749లో విస్తరించిన ఆ గుండ్రని వేదిక పై అంతస్తులో నడిమి రాతి చుట్టూ మొదటి వరుసలో 9 రాళ్లు, తరువాత 18, అలా తొమ్మిదో వరుసకు 81 పరిచారు. బేసి సంఖ్యలు యాంగ్ కావడం, ఒంటి అంకె బేసి సంఖ్యల్లో తొమ్మిది అన్నిటికన్నా పెద్దది కావడం అందుకు కారణం. సెలవుల్లో వెళితే ఆ వరుసలను తప్పక లెక్కపెట్టి చూడు.

భోజనం దగ్గర నీకు ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. అక్కడ చలవ యిన్, వేడి యాంగ్. శరదృతువులో షాంఘై వైపు మంచినీటి పీతలు తింటారు. పీత చలవ చేస్తుందని, సన్నగా తరిగిన అల్లం వేసిన వెనిగర్‌నూ, వెచ్చబెట్టిన పసుపుపచ్చని బియ్యపు మద్యాన్నీ దానికి తోడుగా పెడతారు. బొప్పాయి వేడి, మజ్జిగ చలవ అని వింటూ పెరిగినదానివి కనుక, దీన్ని నీకు వేరే విడమరచనక్కరలేదు.

మరి స్త్రీని తక్కువ చేసే అర్థం ఎక్కడిది? హాన్ వంశకాలపు పండితుడు డోంగ్ జోంగ్‌షు పేరుతో ఉన్న రచనల్లో రాజు, తండ్రి, భర్త యాంగ్ అనీ, మంత్రి, కొడుకు, భార్య యిన్ అనీ, యాంగ్ ఉన్నతమనీ, యిన్ అల్పమనీ కనిపిస్తుంది. క్షణక్షణం మారేదాన్ని మారని హోదాగా బిగించడం అధికారంలో ఉన్నవారికి బాగా కలిసివచ్చింది. తావో మార్గానికి మూలగ్రంథమైన దావో ద జింగ్ మాత్రం మెత్తని నీరే గట్టివాటిని గెలుస్తుందని యిన్ పక్షాన నిలబడింది. నీ సహాధ్యాయికి ఈ రెండో గొంతు కూడా వినిపించు.

మందుల విషయంలో మాత్రం జాగ్రత్త. రోగిని ఋతువుతో, తిండితో, నిద్రతో కలిపి చూడడాన్ని యిన్, యాంగ్ నేర్పగలవు. మందు పనిచేస్తుందో లేదో తేల్చలేవు. చైనా శాస్త్రవేత్త తూ యోయో 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ మాటల నుంచి సూచన అందుకుని, మాచిపత్రి జాతి మొక్క సారాన్ని ఎక్కువ వేడి తగలకుండా ఈథర్‌తో తీసి, ప్రయోగాలతో నిరూపించింది కనుకనే మలేరియాకు ఆర్టెమిసినిన్ దక్కింది, ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. అదే సంప్రదాయంలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మూలికలు ఎందరి మూత్రపిండాలనో పాడుచేశాయి. వాటిలో ఒకటైన గువాన్ ము తోంగ్ వాడకాన్ని చైనాయే 2003లో ఆపించింది. ఎవరైనా కషాయపు పొట్లం ఇస్తే, అందులోని మొక్కల శాస్త్రీయ నామాలు తెలుసుకుని, మీ ఆచార్యులకు చూపించిన తరువాతే నోట పెట్టుకో.

ఇట్లు,
అమ్మ