జనగామ బస్సు కండక్టరక్కకు

ఈ సాయంత్రం పది నెలల తర్వాత కబడ్డీ మ్యాట్ ఎక్కాను. మూడు రెయిడ్లు చేస్తే ఒక్క పాయింటూ రాలేదు. మోకాలికి ఐస్ పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒళ్లంతా నొప్పులే, అయినా ఇవాళే రాయాలి.

పది నెలల కింద రెయిడ్‌లో వెనక్కి తిరుగుతుంటే పాదం మ్యాట్‌కు పట్టేసింది, మోకాలు మాత్రం తిరిగిపోయింది. మోకాలి లోపలి లిగమెంట్, ఏసీఎల్ తెగింది. ఆ 'టప్' అన్న చప్పుడు సర్జరీ అయ్యాక కూడా నిద్రలో వినపడి ఉలిక్కిపడి లేచేదాన్ని. తొడ సన్నబడిపోయింది. టీమ్ గ్రూప్ మ్యూట్ చేశాను. ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్లంతా బ్యాడ్మింటన్ గోపీచంద్ గారి మాటే ఎత్తేవారు. 1994లో మోకాలు దెబ్బతిన్నా 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, నిజమే. కానీ మధ్యలో ఆ ఏడేళ్ల రాత్రులు ఎలా గడిచాయో ఎవరూ చెప్పలేదు. నాకు కావలసింది అదే.

ఫిజియోథెరపీకి హనుమకొండ వెళ్లి వచ్చే బస్సులో ఆ అక్క కండక్టర్. నన్ను చూడగానే ముందు సీటు ఖాళీ చేయించి, కర్రలు తన సీటు పక్కన పెట్టుకునేది. ఒకరోజు నా స్టాప్ వచ్చినా దిగలేదు. దిగాలనిపించలేదు, అంతే. జనగామలో బస్సు ఖాళీ అయ్యాక వచ్చి పక్కన కూర్చుంది. వేళ్లకు సిరా మరకలు. "నిద్ర పడుతుందా?" అంది. నేను మాట్లాడలేదు. "బతకబుద్ధి అయితలేదా బిడ్డా?" అంది.

పది మంది మోకాలు గురించి అడిగారు. ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. గుక్కపెట్టి ఏడ్చాను. తన ఫోన్‌లోంచే మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు కలిపి, అవతల తెలుగులో పలికేదాకా నా చెయ్యి వదల్లేదు. క్యాష్ కట్టడం లేటయితే మాట పడాలి, అయినా ఉంది. డ్యూటీ దిగాక ఇంటి దాకా దించిపోయింది. పేరు రాయొద్దంది, రాయను.

అమ్మా నాన్నా, అన్నయ్యా, మీకు వేరే చెప్పాలా?

ఒక్క మాట మాత్రం కడుపులో దాచుకోలేను. గెలిచినప్పుడు ఫొటోలో నా భుజం మీద చెయ్యేసిన పెద్దలు, సర్జరీ బిల్లు పంపాక ఫోన్ ఎత్తలేదు. ప్రాక్టీస్‌లో తగిలిన దెబ్బ లెక్కలోకి రాదట. మనసు గురించి అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. ఇంకెంత మంది ఆడపిల్లలు చప్పుడు చేయకుండా ఆట మానేశారో!

అయ్యో, ఫిజియో సార్‌ను మరిచాను, సగం ఫీజే తీసుకున్నారు. రోజూ వీడియో కాల్ చేసిన మా లెఫ్ట్ కార్నర్ పిల్ల. ఇంకా, కింద కూర్చోలేనని తెలిసి, వాళ్ల మామయ్య వాడిన కమోడ్ కుర్చీని కడిగి ఎండబెట్టి తెచ్చిచ్చిన పక్కింటి వదిన. వదినా, కుర్చీ రేపు పొద్దున పంపిస్తాను.