విస్కీ సాస్ అడిగావు కదా, బిడ్డా

సిరొంచ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. వచ్చే శనివారం మీ డాబా మీద దోస్తులతో బార్బెక్యూ అని, హోటల్లో వంట చేసే రోజుల్లో నేను చేసిన విస్కీ సాస్ లాంటిది ఒక సీసా హైదరాబాద్ బస్సులో వేసి పంపమని రాశావు. పంపడం కుదరదు. కారణం నీకు తెలియనిది కాదు, హైదరాబాద్ నీళ్లు తాగి మరిచిపోయి ఉంటావు. మనది మహారాష్ట్ర, మన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ, అక్కడ ఏ గొడవా లేదు. అదే సీసా వంతెన ఎక్కి ఇటు వస్తే కేసు. "వంటకే తెచ్చాను సార్" అంటే నమ్మే పోలీసు ఇంకా పుట్టలేదు.

చట్టం సంగతి అటుంచు, మీ అమ్మ ఉంది. దారూముక్తి అని ఈ జిల్లా ఆడవాళ్లు ఊరూరా తిరిగి నిషేధం తెప్పించుకున్న రోజులు ఆమె మరిచిపోలేదు. ఆమె వంటింట్లో విస్కీ సీసా పెట్టే ధైర్యం నాకూ లేదు, నీకూ లేదు. అందుకే సాస్ బదులు ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగం "ఆ తెలుసులే బాపూ" అంటావు. కాగితమైతే పొయ్యి పక్కన పెట్టుకుని చూస్తూ చేయొచ్చు.

ముందు ఒక సంగతి. బార్బెక్యూ సాస్ అంటే ఒక్కటే అనుకోకు. అమెరికాలో ప్రాంతానికో తీరు. నార్త్ కరోలినా తూర్పు వైపు వెనిగర్‌లో మిరప వేసి చారంత పల్చగా చేస్తారు. సౌత్ కరోలినాలో ఆవాల ముద్దతో పసుపుపచ్చగా ఉంటుంది. అలబామా వాళ్లది మయోనైజ్‌తో తెల్ల సాస్. కాన్సాస్ సిటీది టమాటా, మొలాసిస్ (చెరకు రసంలోంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం) వేసిన చిక్కటి తీపి సాస్. మా హోటల్లో చేసింది ఈ చివరిదే. విస్కీ దీనికే నప్పుతుంది. పల్చటి వెనిగర్ సాస్‌లో పోస్తే దండగ.

ఇక విస్కీ. అది ఎందుకు వేస్తామో తెలియకపోతే ఎంత వేయాలో కూడా తెలియదు. కిక్కు కోసం కాదు, పీపా వాసన కోసం. అమెరికా బర్బన్ తీసుకో. దాంట్లో ధాన్యం వంతులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిల్వ పెట్టాలి, అక్కడి చట్టమే అంత. కాలిన ఆ చెక్కలోంచి వెనిల్లా లాంటి వాసన, చక్కెర పాకం మాడే ముందు వచ్చే వాసన విస్కీలోకి దిగుతాయి. మన సాస్‌లో బెల్లం, టమాటా ఉన్నాయి కాబట్టి ఆ వాసన వచ్చి వాటి పక్కన కూర్చుంటుంది. మన దగ్గర తక్కువ ధరకు దొరికేవి చాలావరకు మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌కు కాస్త మాల్ట్ విస్కీ, అంటే మొలకెత్తించిన బార్లీతో తీసినది, కలిపినవి. వాటిలో ఘాటు ఉంటుంది, చెక్క వాసన అంతగా ఉండదు. ఉన్నదానితో సరిపెట్టుకుంటానంటే నీ ఇష్టం, కానీ వాసన తక్కువైందని ఇంకో పెగ్గు మాత్రం పోయకు. పొగ వాసన కొట్టే స్కాచ్ అసలే వద్దు. బొగ్గుల పొగ ఎలాగూ ఉంది, దాని మీద ఇదీ పడితే ఆసుపత్రి వాసన వస్తుంది.

ఎంత? క్వార్టర్ సీసాలో సగం. అంటే 90 మి.లీ. అంతకు మించి ఒక్క చుక్క కూడా వద్దు. మిగిలిన సగం ఏం చేస్తావో నేను అడగను, నువ్వూ చెప్పకు.

మిగతా సరుకులు: 350 గ్రాముల టమాటా కెచప్, ఒక పెద్ద ఉల్లిగడ్డ, అయిదారు ఎల్లిపాయ రెబ్బలు, 75 గ్రాముల నల్ల బెల్లం, 50 మి.లీ. వెనిగర్, రెండు పెద్ద చెంచాల వూస్టర్ సాస్, ఒక చిన్న చెంచా ఆవాల పొడి, రెండు చిన్న చెంచాల కశ్మీరీ కారం, ఒక చెంచా మిరియాల పొడి, కొంచెం వెన్న. ఉప్పు చివర్లో చూసుకో, కెచప్‌లోనూ వూస్టర్ సాస్‌లోనూ ముందే ఉంటుంది. అమెరికా వాళ్లు బ్రౌన్ షుగర్, మొలాసిస్ రెండూ వేస్తారు. మంచి నల్ల బెల్లం ఉంటే ఆ రెండింటి పనీ అదే చేస్తుంది. దాంట్లో ఇసుక ఉంటుంది కాబట్టి వేడి నీళ్లలో కరిగించి వడకట్టి పోసుకో.

వూస్టర్ సాస్ దగ్గర ఒక్క క్షణం ఆగు. ఇంగ్లండ్‌లోని వూస్టర్ ఊళ్లో లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల షాపు వాళ్లు 1837లో అమ్మకం మొదలుపెట్టిన సాస్ అది. దాని పులుపులో మన చింతపండు ఉంది. ఆంకోవీ అనే చిన్న చేపలు కూడా ఉన్నాయి. మీ దోస్తుల్లో శాకాహారులుంటే, పనీర్ ముక్కల మీద ఈ సాస్ రాసి పెట్టావంటే వాళ్లకు తెలియకుండా చేప తినిపించినట్టే. వాళ్ల కోసం వూస్టర్ మానేసి, నిమ్మకాయంత చింతపండు పిసికిన చిక్కటి గుజ్జు, ఒక చెంచా సోయా సాస్ వేసి వేరే గిన్నెలో చేయి.

గిన్నె అంటే గుర్తొచ్చింది. స్టీలుది, అడుగు మందంగా ఉన్నది తీసుకో. అల్యూమినియం గంజు వద్దు. వెనిగర్, టమాటా పులుపు దాన్ని తినేస్తుంది, సాస్‌కు లోహం రుచి పడుతుంది.

సన్న మంట మీద వెన్న కరిగించి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేయి. తొందరపడకు. ఎర్రబడేదాకా వేయించడం కాదు, మెత్తబడి అద్దంలా అయ్యేదాకా మగ్గనివ్వాలి. ఎల్లిపాయ వేసి ఒక నిమిషం. ఇప్పుడు స్టవ్ ఆఫ్ చేయి. ఇది గుర్తుపెట్టుకో, ఆఫ్ చేశాకే విస్కీ. నలభై శాతం ఆల్కహాల్ ఉన్న మందు సుమారు 26 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వదులుతుంది. వేడి గిన్నె, కింద గ్యాస్ మంట, చేతిలో తెరిచిన సీసా, ఈ మూడూ ఒక చోట చేరకూడదు. ముందే గ్లాసులో కొలిచి పెట్టుకో, సీసాను అవతల గదిలో పెట్టి రా, అప్పుడు గ్లాసులోంచి గిన్నెలో పోసేయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఒకసారి బాగా కలిపి, మళ్లీ సన్న మంట వెలిగించు.

మొదట వచ్చే ఆవిరి ముక్కుకు గుచ్చుతుంది, కళ్లు మండుతాయి. మొహం గిన్నె మీదికి వంచకు. మూడు నాలుగు నిమిషాలకు ఆ సూది మందు స్పిరిట్ వాసన తగ్గి, దాని వెనకాల నుంచి తడిసిన చెక్క, కాగిన బెల్లం కలిసిన వాసన లేస్తుంది. బుడగలు కూడా మారతాయి. చిన్నగా గబగబా లేచేవి కాస్త పెద్దవై నింపాదిగా పగులుతాయి. గిన్నెలో విస్కీ సగమైందన్నమాట. హోటల్లో కొత్త కుర్రాళ్లకు గడియారం చూడొద్దని చెప్పేవాణ్ని, వాసన మారిన క్షణం పట్టుకోమనేవాణ్ని. నువ్వూ అంతే.

ఆ తర్వాత కెచప్, కరిగించిన బెల్లం, వెనిగర్, వూస్టర్, పొడులు, అర గ్లాసు నీళ్లు. అన్నీ కలిపి అరగంట సన్న మంట మీద. చిక్కబడే కొద్దీ ఎగిరి చేతి మీద పడుతుంది, మూత ఓరగా పెట్టు. మూత పూర్తిగా వేస్తే ఆవిరి పోదు. అడుగంటకుండా కలుపుతూ ఉండు. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలవకుండా నిలిచిందంటే దించేయి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది, అది మరిచిపోయి గట్టిగా అయ్యేదాకా ఉడికిస్తే తర్వాత కత్తితో కోసుకోవాలి. ఉల్లిగడ్డ పలుకులు వద్దనుకుంటే మిక్సీ పట్టు. నాకైతే ఉంటేనే ఇష్టం.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. "ఉడికిస్తే ఆల్కహాల్ మొత్తం పోతుంది కదా" అని మీ దోస్తుల్లో ఎవరో ఒకరు అంటారు. చాలామంది వంటవాళ్లూ అంటారు. పోదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకు మరుగుతుంది, నీళ్లు 100కు, కాబట్టి అది ముందు పోయి నీళ్లు మిగులుతాయని లెక్క వేస్తారు. కానీ రెండూ కలిసిపోయి ఉన్నప్పుడు విడివిడిగా లేవవు, ఆవిరిలో రెండూ కలిసే పోతాయి, గిన్నెలో రెండూ కలిసే మిగులుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ దీనికి ఒక పట్టిక ఇచ్చింది. వంటలో కలిపి సన్న మంట మీద ఉడికిస్తే పావుగంటకు ఇంకా 40 శాతం ఉంటుంది, అరగంటకు 35, గంటకు 25, రెండున్నర గంటలకు కూడా 5. కస్టమర్ల ముందు మంట లేపి చూపించే ఫ్లాంబే ఉంది చూడు, అదైతే 75 శాతం అందులోనే ఉంటుంది. మంట చూడ్డానికే.

నీ సాస్ సంగతి లెక్కేద్దాం. మన దేశంలో విస్కీ ఎక్కువగా 42.8 శాతం. 90 మి.లీ.లో అసలు ఆల్కహాల్ 38 చిల్లర. అరగంట తర్వాత 13 చిల్లర మిగిలిందనుకో. మొత్తం సాస్ అర లీటరుకు కాస్త తక్కువ వస్తుంది. రెండు పెద్ద చెంచాలు వేసుకున్నవాడికి ఒక మి.లీ.కు అటూఇటూ వస్తుంది. మత్తెక్కదు, నిజమే. కానీ సున్నా కాదు. సున్నా కావలసినవాళ్లు ఉంటారు. మతం ప్రకారం ముట్టనివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, తాగుడు మానేసి ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటున్నవాళ్లు. ఆ మానేసినవాళ్లలో కొందరు డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకుంటారు, ఆ మాత్ర మీద కొంచెం ఆల్కహాల్ పడినా గుండెదడ, వాంతులు. వాళ్లు నలుగురిలో ఆ మాట చెప్పుకోరు. అందుకే ఎవరు ఎందుకు తినరో నువ్వు అడగొద్దు. గిన్నె పక్కన ఒక చీటీ పెట్టు, "దీంట్లో విస్కీ ఉంది, చేప ఉంది" అని. పిల్లలు వస్తే వాళ్ల చేతికి అందని చోట పెట్టు. మా హోటల్లో మెనూ కార్డు మీద చిన్న అక్షరాల్లో రాసేవాళ్లు, అది చదివేవాళ్లు ఎవరూ ఉండరని నేను పెద్ద అక్షరాలు అడిగేవాణ్ని. అందంగా ఉండదన్నారు. నీ డాబా మీద మెనూ కార్డు లేదు, పెద్దగానే రాయి.

కాల్చడం గురించి కొంచెమే రాస్తాను, మిగతాది మీ దోస్తులకు తెలుసన్నావు. బొగ్గుల మీద తెల్లటి బూడిద పట్టాకే కోడి పెట్టాలి. ఈ సాస్ మొదట్లోనే రాయొద్దు. దాంట్లో ఉన్నదంతా చక్కెర, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ముక్కకు ముందు ఉప్పు, కారం, నూనె పట్టించి కాల్చు, ఉడకడానికి ఇంకా పది నిమిషాలు ఉందనగా సాస్ రెండు పూతలు వేయి. ఎముక దగ్గర 74 డిగ్రీలు వస్తే ఉడికినట్టు, థర్మామీటర్ లేకపోతే కోసి చూడు, గులాబీ రంగు నీరు కారకూడదు. పచ్చి కోడికి రాసిన బ్రష్‌ను పెద్ద సీసాలో ముంచకు, పూతకు వేరే గిన్నెలో తీసుకో. వాన వస్తే నిప్పు కుంపటిని గదిలోకి మాత్రం తేవద్దు, బొగ్గుల నుంచి వచ్చే వాసన లేని విషవాయువు తెలియకుండానే ప్రాణం తీస్తుంది. మిగిలిన సాస్ వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది.

ఇంటికి వచ్చినప్పుడు మాత్రం మన పద్ధతి వేరు. అదీ చెబుతా. ఎండిన ఇప్పపువ్వు ఒక గుప్పెడు తీసుకుని లోపలి కేసరాలు నలిపి తీసేసి, కడిగి, రెండు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి పిండి వడకడితే నల్లటి తియ్యటి పాకం వస్తుంది. వాసన ఎండు ద్రాక్షకు దగ్గర, దాంతోపాటు ఆ పువ్వుకే ఉండే ఒక మగ్గిన వాసన. విస్కీ పోయాల్సిన చోట ఇది పోసి, బెల్లం సగానికి తగ్గిస్తాను. చెక్క వాసన రాదు, విస్కీ సాస్ అని పేరు పెట్టడానికి లేదు. కానీ నాటుకోడి కాళ్ల మీద ఇదే బాగుంటుందని నా అభిప్రాయం. పాకం వెంటనే వాడేయాలి, బయట పెడితే పులుస్తుంది. పులిసిందంటే మళ్లీ మీ అమ్మ దగ్గరికే వస్తుంది కేసు.

దసరాకు వచ్చేటప్పుడు వూస్టర్ సాస్ సీసా ఒకటి పట్టుకురా, ఇక్కడి కిరాణాల్లో దొరకదు. దాంట్లో చేపలున్నాయని మీ అమ్మకు ముందే చెప్పాను. శనివారం తప్ప ఎప్పుడైనా వాడుకొమ్మంది.

నీ బాపు