పురిటి గదిలో నిమిషం నిండా వినాలి

సంపాదకులకు,

మిడ్‌వైఫ్ తన సొంత బాధ్యత మీద కాన్పు చేయడం గురించి మాట వచ్చినప్పుడల్లా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: “బిడ్డ గుండె చూసే మిషన్ ఉందా?” అడగాల్సిన ప్రశ్నే గానీ, అక్కడితో ఆగితే అసలు సంగతి తప్పిపోతుంది. నెలలు నిండి, ఏ చిక్కూ లేకుండా, నొప్పులు వాటంతట అవే మొదలైన గర్భిణికి పొట్ట మీద పట్టీలు బిగించి ఏకబిగిన గీత తీసే సీటీజీ యంత్రం అక్కర్లేదనీ, మధ్యమధ్య పొట్టకు ఆనించి చెవి పెట్టే గొట్టంతోనో, గుండె చప్పుడు వినిపించే చిన్న చేతి యంత్రం డాప్లర్‌తోనో బిడ్డ గుండె వింటే చాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆసుపత్రిలో చేరగానే అందరికీ ఓసారి సీటీజీ తీసే అలవాటునూ అవి వద్దన్నాయి. అయితే ఆ ‘వింటే చాలు’ అన్న మాట వెనక ఓ లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే చేతిలో డాప్లర్ ఉన్నా లేనట్టే.

లెక్క ఇదీ. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకుని నొప్పులు ఊపందుకున్నప్పటి నుంచి ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి. తల్లి ముక్కే దశలో ప్రతి 5 నిమిషాలకు. విన్న ప్రతిసారీ తక్కువలో తక్కువ ఒక నిండు నిమిషం. నొప్పి ఉండగానే చెవి పెట్టి, అది వదిలాక కనీసం 30 సెకన్లు వినాలి. నొప్పితో ముడి ఎందుకంటే, గర్భసంచి బిగిసినప్పుడు మాయకు రక్తం తగ్గుతుంది, సడలగానే మళ్లీ అందుతుంది. ఆ కాస్త కొరతను తట్టుకోలేని బిడ్డ గుండె నొప్పి గట్టిపడ్డాక నెమ్మదించి, నొప్పి పోయాక కూడా కాసేపు కోలుకోదు. రెండు నొప్పుల నడుమ తీరిగ్గా వింటే ఆ జాడే చిక్కదు. అప్పటికి గుండె మామూలు వేగానికి వచ్చేసి ఉంటుంది.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది: 10 సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించడం. ఒక్క చప్పుడు అటూఇటూ అయితే నిమిషానికి ఆరు తేడా వస్తుంది. అది చిన్న తప్పు. పెద్ద తప్పేమిటంటే, పడిపోతున్న గుండెను ఆ పది సెకన్లు పట్టుకోలేవు. ఒక్కోసారి నిమిషం నిండా విన్నా మొత్తం అంకె మోసం చేస్తుంది. నొప్పి సడలుతుండగా నిమిషాన్ని నాలుగు 15 సెకన్ల ముక్కలుగా లెక్కపెట్టారనుకుందాం. 36, 24, 28, 35 వచ్చాయి. కూడితే 123. మామూలు వేగం 110 నుంచి 160 కాబట్టి కాగితం మీద 123 అని రాసి ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఒక్కో ముక్కను నాలుగుతో గుణించి, నిమిషానికి ఎంతో విడివిడిగా చూడండి: 144 దగ్గరున్న గుండె 96కు దిగి, 112కు ఎక్కి, 140కి చేరింది. బిడ్డ చెప్పిందంతా ఆ రెండో ముక్కలో ఉంది. అందుకే మొత్తంతో పాటు ‘నొప్పి తర్వాత తగ్గింది, ఇన్ని సెకన్లలో కోలుకుంది’ అని కూడా రాయాలి.

అంకె మామూలు హద్దులోనే ఉన్నా మెల్లగా పైకి పాకుతుంటే అదీ లెక్కలోకి తీసుకోవాలి. మొదట 125 ఉన్న గుండె కొన్ని గంటల్లో 150 అయితే, 160 దాటలేదు కదా అని వదిలేయకూడదు. మొదటి అంకె కంటే 20 పెరిగితే కారణం వెతకాలి: తల్లికి జ్వరమా, ఒంట్లో నీరు తగ్గిందా, ఉమ్మనీటిలో ఇన్‌ఫెక్షనా? మొదటి అంకె చీటీ మీద లేకపోతే ఈ పోలికకే దారి ఉండదు.

ఇక విన్న గుండె ఎవరిది? ఈ ప్రశ్న వింతగా తోస్తుంది గానీ, పురిటి గదిలో ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు తక్కువ. డాప్లర్‌లో మనం వినేది నిజం గుండె చప్పుడు కాదు. కదిలే వాటి మీద పడి తిరిగొచ్చిన అల్ట్రాసౌండ్ తరంగాలను అది శబ్దంగా మారుస్తుంది. తల్లి రక్తనాళం కదిలినా దానికి ఒకటే. ముక్కుతున్న తల్లి గుండె 130, 140 దాకా పోవచ్చు, అచ్చం బిడ్డ అంకెలా. ముక్కినప్పుడల్లా వేగం చక్కగా పెరుగుతోందని ఎవరైనా సంతోషిస్తే ముందు అనుమానించాలి, ఎందుకంటే ఆ దశలో నొప్పికి బిడ్డ గుండె సాధారణంగా తగ్గుతుంది, పెరిగేది తల్లిదే. ఒక చెయ్యి తల్లి మణికట్టు నాడి మీద ఉంచి వింటే సందేహం తీరిపోతుంది. రెండూ ఒకే తాళంలో నడుస్తుంటే వింటున్నది తల్లిని. డాప్లర్ తెర మీది అంకెను గుడ్డిగా నమ్మకూడదు. అది అప్పుడప్పుడు ఉన్న వేగాన్ని రెట్టింపో సగమో చేసి చూపుతుంది. చెవితో లెక్కపెట్టాల్సిందే.

ఫ్రాన్స్ ప్రసూతి వైద్యుడు అడాల్ఫ్ పినార్డ్ 1895లో రూపొందించిన గొట్టానికి ఆ జబ్బు లేదు. అందులో వినిపించేది గుండె చప్పుడే. ముందు చేతులతో పొట్ట తడిమి బిడ్డ వీపు ఎటుందో తెలుసుకోవాలి. తల కిందికి ఉన్న బిడ్డకు సాధారణంగా బొడ్డుకు దిగువన, వీపున్న పక్కన చప్పుడు గట్టిగా వస్తుంది. బిడ్డ దిగేకొద్దీ ఆ చోటు కిందికీ మధ్యకీ జరుగుతుంది. పొద్దున విన్నచోటే సాయంత్రమూ వెతికి ‘దొరకడం లేదు’ అని కంగారుపడేవాళ్లు ఉన్నారు. గొట్టం వెడల్పు వైపును పొట్టకు ఆనించి, సన్నటి వైపు చెవితోనే నొక్కి, చెయ్యి తీసేయాలి. వేళ్లు తగిలితే ఆ గరగరలో చప్పుడు మునిగిపోతుంది. నీళ్ల తొట్టిలో కాన్పయితే మాత్రం నీటిలో తడిసినా పనిచేసే డాప్లర్ ఉండాలి.

యంత్రం పక్షాన చెప్పాల్సిందీ చెప్పాలి. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 13 పరిశోధనలను, 37,000 మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి చేసిన సమీక్షలో, మధ్యమధ్య విన్నచోటితో పోలిస్తే ఏకబిగిన సీటీజీ పెట్టినచోట పుట్టిన బిడ్డలకు ఫిట్స్ సగానికి తగ్గాయి. శిశు మరణాల్లో గానీ, మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే సెరిబ్రల్ పాల్సీలో గానీ తేడా రాలేదు. సిజేరియన్లు 1.63 రెట్లయ్యాయి. మిడ్‌వైఫ్‌లు ఈ ఫలితాలను తరచూ చూపిస్తారు. కానీ అందులో పెద్దదైన 1985 నాటి డబ్లిన్ పరిశోధనలో, దాదాపు 13,000 మంది స్త్రీలతో జరిగినదానిలో, యంత్రం పెట్టని స్త్రీల గుంపులో ఎలా విన్నారో గమనించాలి: ప్రతి తల్లి పక్కనా ఒక మనిషి, ప్రతి 15 నిమిషాలకు నిండు నిమిషం. అలా వినని వారికి ఆ ఫలితాన్ని తమదిగా చెప్పుకునే హక్కు లేదని నా అభిప్రాయం.

కొందరు గర్భిణులకు విరామాలిచ్చి వినడం చాలదు. కవలలు, ఎదురుకాళ్లు, నెలలు నిండని కాన్పు, ఎదుగుదల తగ్గిన బిడ్డ, వెనకటి సిజేరియన్, అధిక రక్తపోటు, ఆక్సిటోసిన్ డ్రిప్‌తో నొప్పులు పెంచడం ఉంటే మొదటి నుంచీ ఆసుపత్రిలోనే, యంత్రం మీదే చూడాలి. మామూలుగా మొదలైన కాన్పులో మధ్యలో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, ఎర్రటి రక్తం పోయినా, ఉమ్మనీరు చిక్కగా పచ్చబడినా, పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తున్నా తరలించాల్సిందే. ఉమ్మనీటి సంచి పగిలిన మరుక్షణం వేళతో నిమిత్తం లేకుండా వినాలి, ఎందుకంటే బొడ్డుతాడు జారితే మొదట తెలిపేది గుండే.

గుండె తగ్గినట్టు వినిపిస్తే తల్లిని ఎడమ పక్కకు తిప్పి, ముక్కడం కాసేపు ఆపమని చెప్పి, తాడు జారలేదని చూసి, వరసగా మూడు నొప్పుల తర్వాత వినాలి. అదే తగ్గుదల మళ్లీ వస్తే ఇక ఎదురుచూడకూడదు. 100 కంటే కిందికి పడి 3 నిమిషాలైనా లేవకపోతే అది అత్యవసరం. ఇంత పని ఒక్క మనిషి చేయలేరు. ముక్కే దశలో ప్రతి 5 నిమిషాలకు వింటూ, తల్లిని చూస్తూ, పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగ్-మాస్క్‌తో ఊపిరి అందించాలంటే రెండో చెయ్యి గదిలోనే ఉండాలి.

అందువల్ల మిడ్‌వైఫ్‌ను మాట్లాడుకునే కుటుంబాలు ముందే అడిగి తెలుసుకోవాల్సినవి ఉన్నాయి: రెండో మనిషి ఎవరు, డాప్లర్ బ్యాటరీ అయిపోతే గొట్టం ఉందా, తరలించాల్సి వస్తే బండి ఏది, ఏ ఆసుపత్రి, సిజేరియన్ చేసేవాళ్లు అక్కడ రాత్రిపూట ఉంటారా, ఎంతసేపట్లో చేరతారు. ఆసుపత్రికి ఫోన్ చేసేటప్పుడు ‘బిడ్డ గుండె బాగోలేదు’ అంటే సరిపోదు. మొదటి అంకె ఎంత, ఎన్ని గంటలకు ఎంతకు పడింది, ఎన్ని సెకన్లకు లేచింది, తల్లి నాడి, ఉమ్మనీటి రంగు, ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు, ఇవన్నీ చీటీ చూసి ఒక్క ఊపిరిలో చదవగలగాలి. ఆ చీటీ తల్లితో పాటే బండి ఎక్కాలి.

— ప్రసూతి సేవల్లో శిక్షణ ఇచ్చే ఒక పాఠకురాలు